తలకట్టు లేని ట

పర్లాకిమిడి బజారులో
జెరాక్సు షాపుకీ టైలరుకీ మధ్య ఇరుకు గది నాది.
ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు, శ్రద్ధాంజలులు.
శ్రద్ధాంజలికి ఎప్పుడూ ఒకే రకం అక్షరం వాడతాను.
ఇంకోటి చూపించమని
పోయినవాళ్ళెవరూ అడగరు.

తవిటమ్మ అడిగింది.
మూడు రోజులు వరసగా వచ్చింది,
గుణుపురం రైలు వెళ్ళిపోయాక,
చేతులకింకా చోడిపిండి ఉండగానే.
"జంతికల పొట్లం మీద పేరెయ్యాల బాబూ.
తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి.
రెండూ అక్కసెల్లెళ్ళనాగుండాల."

ఆమెకు చదువు రాదు.
అందుకని అక్షరాలను చూసింది.
మనం చూడం, చదివేసి వెళ్ళిపోతాం.

మొదటిది పెట్టాను, నిటారుగా, గట్టిగా.
"కరెంటు బిల్లునాగుంది."
రెండోదానికి వంపులు, తోకలు, మెలికలు.
"పెళ్ళికూతురు. రేపీపాటికి నగలన్నీ తీసెస్తాది."
మూడోది లావుగా, మూలలన్నీ గుండ్రంగా.
దీన్ని మాత్రం తల వంచి మరీ చూసింది.
"సీటీలాయన. నవ్వుతాడు గానీ డబ్బులియ్యడు."

మా కుర్రాడు హేమసుందర్
ఇంగ్లీషు పేరేదైనా పెట్టుకోమన్నాడు, కరకరలాడేది.
"నా పేరు ఊరికే రానేదు నాయనా, కొన్నది" అంది.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదట.
నాలుగోదాన్ని చేటలో పెట్టి పొరుగింటికి ఇచ్చేసి
శేరు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుందట తల్లి.
"దేవుడు సూసి, తవుడే గదాని ఒగ్గీసినాడు."

పేరును తెరంత పెద్దది చేశాను.
ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టింది.
నాలుగు నూనె మరకలు.
"దీనికి తలగుడ్డుంది.
దీని నెత్తిన సెంబుంది.
సివర్దాని కాళ్ళకాడ పిల్ల ఏలాడతంది.
మరీ మజ్జిలోదానికి నెత్తి మీద
ఏటీ నేదేటి?"

ఇరవై రెండేళ్ళుగా కొడుతున్నాను ట.
టవళ్ళు, టపాకాయలు, టమాటాలు.
ట కు తలకట్టు ఉండదని
బళ్ళో మాస్టారు చెప్పే ఉంటారు.
"అది అలాగే పుట్టిందమ్మా" అన్నాను.
"పుడితే పుట్టింది.
అలాగని ఎండలో నిలబెట్టెస్తావా?"

ఒడియాలో రాసి చూపించాను.
అక్కడ ట కూడా గొడుగు కిందే ఉంది.
ఆమె మొహం కాస్త తేటపడింది.

అసలు చిక్కు వేరే.
నా కంప్యూటర్లో తెలుగుకు డెబ్బై రకాలు,
ఒడియాకు నాలుగే,
ఆ నాలుగూ కలెక్టరాఫీసు మెట్లు దిగి వచ్చినట్టుంటాయి.
పక్కపక్కన పెడితే అక్కా చెల్లీ కాదు,
అక్కా, తాసీల్దారూ.

ఆ రాత్రి కరెంటు పోయింది.
కొవ్వొత్తి పక్కన ఆమె ఇచ్చిపోయిన పొట్లం.
ఒక జంతిక తీశాను, తిందామనే.
మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు.
సన్నబడదు, ఉబ్బదు.
గొట్టం కింద చెయ్యి ఎక్కడ తెంపితే
అక్కడ మొండిగా ఆగుతుంది.
పెన్సిలు వెతుక్కున్నాను.

ఒకే గొట్టం, ఒకే పిండి.
ఒడియా గొడుగు దానితోనే వంగింది,
తెలుగు సున్నాలు దానితోనే చుట్టుకున్నాయి.
ట దగ్గర ఆగాను.
తలకట్టు పెడితే తప్పు, పెట్టకపోతే ఎండ.
పక్కనున్న మ తలకట్టును
రవ్వంత ఎడమకు వాల్చాను,
వానలో పక్కవాడికి చెంగు పట్టినట్టు.

తెల్లారి వచ్చి చూసింది.
నీడ పడిందో లేదో చెప్పలేదు.
బరంపురంలో అచ్చయి పొట్లాలొచ్చాక
నూటికి నూరూ లెక్కపెట్టుకుని
నా మజూరీలో యాభై తగ్గించింది.
"సగం గీసింది నా జంతికే గదేటి!"

సాయంత్రం శ్రద్ధాంజలి ఒకటి వచ్చింది.
రేపు పొద్దున్నకే కావాలి.
ఎప్పుడూ వాడే అక్షరమే తీశాను.
పోయినాయన పేరులో ట ఉంది.
మౌసు మీంచి చెయ్యి తీసి
కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.